తాళాల గుత్తితో పాటు సెక్యూరిటీ కీ పోయింది, నాన్నగారి డబ్బుకు ప్రమాదమా?

ప్రశ్న: మాది మద్దిలపాలెం. రుషికొండలో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. మొన్న సాయంత్రం బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర తాళాల గుత్తి ఎక్కడో పడిపోయింది. ఇంటి తాళంతో పాటు జీమెయిల్‌కి పెట్టుకున్న యూఎస్‌బీ సెక్యూరిటీ కీ (లాగిన్ అయ్యేటప్పుడు మనమేనని రుజువుగా గుచ్చే చిన్న పరికరం) కూడా అందులోనే ఉంది. రెండో కీ లేదు. నా షేర్లుండే డీమ్యాట్ ఖాతా, స్టీల్ ప్లాంట్‌లో రిటైరై గాజువాకలో ఉంటున్న నాన్నగారి మ్యూచువల్ ఫండ్లు అన్నీ ఆ మెయిల్‌కే ముడిపడి ఉన్నాయి. కీ దొరికినవాళ్లు డబ్బు తీసేయగలరా? అది మళ్లీ దొరికితే వాడుకోవచ్చా?

జవాబు: ముందు ఒక మాట. మీ ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో జీమెయిల్ ఇంకా తెరుచుకునే ఉంటే దయచేసి లాగౌట్ అవ్వకండి. ఫోన్ రీసెట్ చేయకండి, బ్రౌజర్‌లో హిస్టరీ, కుకీలు తుడిచేయకండి. కంగారులో చాలామంది ముందు చేసేది అదే. ఆ తర్వాత సొంత మెయిల్‌లోకి తామే వెళ్లలేక ఇబ్బంది పడతారు.

కీ దొరికినవాళ్ల గురించి మీరు అంతగా భయపడాల్సిన అవసరం లేదు. దాని మీద మీ పేరు గానీ మెయిల్ ఐడీ గానీ ఉండవు. బ్యాంకు లాకర్‌కి మీ తాళంతో పాటు బ్యాంకు తాళం కూడా పడాలి కదా, ఇక్కడ కీకి మీ పాస్‌వర్డ్ తోడవ్వాలి. పాస్‌కీని (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడే డిజిటల్ తాళాన్ని) ఆ కీలోనే దాచుకుని ఉంటే పాస్‌వర్డ్ బదులు పిన్ అడుగుతుంది. గరిష్ఠంగా 8 సార్లు తప్పు పిన్ కొడితే లాకైపోతుంది. బీచ్‌లో ఎవరికో దొరికిన కీతో జరిగేది పెద్దగా ఏమీ లేదు. అదే కీ ఆఫీసులోనో, మీ గురించి తెలిసినవాళ్ల మధ్యో పోయి, మీ పాస్‌వర్డ్ కూడా వాళ్లు ఊహించగలిగేదైతే అప్పుడు భయపడాలి. అదే పాస్‌వర్డ్‌ని వేరే సైట్లలో కూడా వాడుతుంటే ఇవాళే మార్చండి.

ఇప్పుడు చేయాల్సిన పని, అదీ ఈ వరుసలోనే. గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలోకి వెళ్లి ముందు లాగిన్ అవ్వడానికి ఇంకో దారి ఏర్పాటు చేసుకోండి. ఫోన్‌లో పాస్‌కీ పెట్టుకోండి, బ్యాకప్ కోడ్స్ తీసుకోండి. పది కోడ్స్ వస్తాయి, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ తర్వాతే పోయిన కీని జాబితాలోంచి తీసేయండి. ముందే తీసేసి, ఈలోగా ఫోన్ కూడా పాడైతే చిక్కుల్లో పడతారు. ఇదే కీని ఇంకెక్కడైనా రిజిస్టర్ చేసి ఉంటే అక్కడ కూడా తొలగించాలి. ఒకచోట తీసేస్తే మిగతాచోట్ల దానంతటదే పోదు.

మన బ్యాంకుల్లో మామూలు ఖాతాలకు ఇలాంటి కీలు సాధారణంగా వాడరు, మొబైల్ ఓటీపీ మీదే నడుస్తాయి. అందుకని కీ పోయినంత మాత్రాన బ్యాంకులో డబ్బు కదలదు. అయినా మెయిల్ గురించి నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మీ షేర్లు, ఫండ్లు అన్నీ కలిపి డిపాజిటరీ (మన షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే సంస్థ) పంపే స్టేట్‌మెంట్ ఆ మెయిల్‌కే వస్తుంది. ఆ స్టేట్‌మెంట్ తెరిచే పాస్‌వర్డ్ మీ పాన్ నంబరే. పాన్ కార్డు కాపీ కూడా ఎప్పుడో ఎవరికో పంపి అదే మెయిల్‌లో వదిలేసి ఉంటారు. లోపలికి వచ్చినవాడికి మీ ఇంటి ఆస్తుల లెక్క మొత్తం తెలిసిపోతుంది. తర్వాత వాడు ఫోన్ చేసి ఫండ్ పేరు, యూనిట్లతో సహా చెప్తుంటే నాన్నగారు నమ్మకుండా ఎలా ఉంటారు? పాత మెయిళ్లలో పాన్, ఆధార్ కాపీలు వెతికి డిలీట్ చేయండి, ట్రాష్‌లో కూడా.

కీ లేదు కదా అని ఎస్సెమ్మెస్ ఓటీపీకి మారిపోయి అలాగే ఉండిపోకండి. మీ పేరుతో ఎవరైనా డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఆ ఓటీపీలు వాళ్లకే పోతాయి. కారణం లేకుండా ఫోన్‌లో సిగ్నల్ పోయి తిరిగి రాకపోతే వెంటనే ఇంకో ఫోన్ నుంచి మీ నెట్‌వర్క్ వాళ్లకి, బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. డీమ్యాట్‌లో తేడా అనిపిస్తే ట్రేడింగ్ ఖాతా ఆన్‌లైన్ వాడకాన్ని మీరే తాత్కాలికంగా ఆపించుకోవచ్చు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పడంతో 2024 జూలై నుంచి బ్రోకర్లు ఈ సదుపాయం ఇస్తున్నారు.

కొత్తవి కొనేటప్పుడు రెండు కొనండి. ఒక కీకి నకలు తీయడం కుదరదు, రెండింటినీ ప్రతి ఖాతాలోనూ విడివిడిగా రిజిస్టర్ చేయాల్సిందే. కొన్ని వేల రూపాయలవుతుంది. రిటైర్మెంట్ డబ్బు మొత్తం ఆ మెయిల్ వెనకే ఉన్నప్పుడు ఆ ఖర్చుకి వెనకాడకండి. రెండోది గాజువాకలో అమ్మానాన్నల దగ్గర ఉంచండి, మీ గుత్తికి మాత్రం తగిలించకండి. నాన్నగారి ఫండ్లకు ఆయన సొంత మెయిల్, సొంత మొబైల్ నంబరు పెట్టించండి. మీకు ఒక కీ పోతే ఆయన డబ్బు కూడా అందకుండా పోయే పరిస్థితి ఉండకూడదు.

అన్నట్టు, గుత్తిలో ఇంటి తాళం కూడా పోయింది కదా, తలుపు తాళం మార్పించారా? ఈ మొత్తం వ్యవహారంలో దొరికినవాడికి నిజంగా పనికొచ్చేది అదే.

పోయిన కీ మళ్లీ దొరికితే, జాబితాలోంచి తీసేశారు కాబట్టి నేరుగా పనిచేయదు. అది అచ్చంగా మీ కీయేనని నమ్మకం ఉంటే పూర్తిగా రీసెట్ చేసి, కొత్త పిన్ పెట్టి, అదనపు కీగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఏ కాస్త అనుమానం ఉన్నా ల్యాప్‌టాప్‌కి పెట్టనే పెట్టకండి.