రిపోర్టులో విటమిన్లు తగ్గితే బిళ్లలు వేసెయ్యాలా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. ఆరోగ్యంగానే ఉంది కానీ జుట్టు ఊడుతోందంటే సెలవుల్లో రక్తపరీక్షల ప్యాకేజీ చేయించాం. అందులో యాంటీ ఆక్సిడెంట్ విటమిన్లలో సి, ఇ రెండూ తక్కువని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. ఎ, సి, ఇ కలిపిన బిళ్లలు మూడు నెలలు వాడమంటున్నారు. నాకు ఒకటే టెన్షన్. వాడమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆ ఎర్ర అక్షరాలు చూసి భయపడకండమ్మా. విటమిన్ ఇ రక్తంలో విడిగా తిరగదు, కొలెస్ట్రాల్‌ని మోసే కణాల మీదే ఎక్కి తిరుగుతుంది. ఎదిగే వయసులో కొలెస్ట్రాల్ సహజంగానే కొంత తగ్గుతుంది, దాంతోపాటు ఇ అంకె కూడా తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ ప్యాకేజీలోనే కొలెస్ట్రాల్ కూడా చేసి ఉంటారు, డాక్టరుకి రెండూ చూపించండి.

విటమిన్ సి సంగతి ఇంకా సున్నితం. రక్తం తీసిన వెంటనే చల్లగా, వెలుతురు తగలకుండా ఉంచి, కణాల నుంచి ద్రవభాగాన్ని త్వరగా వేరుచేయకపోతే ఆ విటమిన్ ట్యూబులోనే విరిగిపోతుంది. ఇంటికొచ్చి తీసుకెళ్లిన రక్తం ఎండలో బండి మీద గంటలు తిరిగితే, తగ్గింది అమ్మాయి ఒంట్లోనా ట్యూబులోనా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆ వారంలో జ్వరం వచ్చి ఉన్నా తగ్గుతుంది. డెసిలీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే కిందికి పడిపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా, ఊరికే ఒళ్లు కమిలిపోతున్నా అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అవేమీ లేకపోతే తిండితోనే సరిపోతుంది.

అసలు హాస్టల్లో ఏం తింటోందో ఒకసారి కూర్చోబెట్టి అడగండి. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పెద్ద గిన్నెలో వండి రెండు గంటలు వేడి మీదే ఉంచిన పాలకూర పప్పు, పండంటే ఎప్పుడన్నా ఒక అరటిపండు. ఇదే వరస అయితే సి తగ్గడంలో వింత లేదు, ఎందుకంటే అది వేడికి నిలవదు, అరటిపండులో ఉండేదీ కొంచెమే. ఆమె వయసు ఆడపిల్లకు రోజుకు 70 మిల్లీగ్రాముల దాకా కావాలి. వంద గ్రాముల జామకాయలో 200 పైనే ఉంటుంది! బండి మీద కోసి ఉప్పూకారం చల్లి ఇస్తారే, ఆ కాయలో సగం తిన్నా ఆ రోజుకి చాలు. ఇ కోసం గుప్పెడు పల్లీలు. ఎ కోసం మునగాకు, క్యారెట్, బొప్పాయి. కూరగా వండితే తాలింపులో నూనె ఉండాలి, ఆ నూనె లేనిదే వాటిలోని కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) ఒంటికి సరిగా పట్టదు.

బిళ్లలు మాత్రం నేను వద్దంటాను. సి ఎక్కువైతే మూత్రంలో పోతుంది, కానీ మాత్రల్లోని ఎ అలా పోదు, కాలేయంలో పేరుకుంటుంది. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్లతో చేసిన అధ్యయనంలో బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. 1994 నాటి మాట ఇది. వాళ్లు పొగతాగే పెద్దవాళ్లు, మీ అమ్మాయితో పోల్చను, అయినా విటమినే కదా ఎంతైనా ఫరవాలేదు అనుకోవడం తప్పని తేలింది కదా.

జుట్టు గురించయితే ముందు హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ చూడాలమ్మా. 2016-18లో దేశమంతా చేసిన పోషకాహార సర్వేలో ఈ వయసు ఆడపిల్లల్లో 40 శాతం మందికి రక్తహీనత కనిపించింది. నన్నడిగితే ఎర్ర అక్షరాల్లో రావాల్సింది ఈ విషయం. అన్నం తిన్నాక జామకాయ తింటే ఆకుకూరలోని ఐరన్ బాగా పడుతుంది. తినగానే టీ తాగే అలవాటుంటే గంటో రెండు గంటలో ఆగమనండి.

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. జిమ్ చేస్తున్నా. రోజూ విటమిన్ సి 1000, ఇ 400 వేసుకుంటే త్వరగా బలం వస్తుందంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: కాదు బాబూ. సరిగ్గా ఇవే డోసులు ఇచ్చి 2009లో జర్మనీ పరిశోధకులు యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించి చూశారు. మాత్రలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ (రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే హార్మోను) పనితీరు మెరుగైంది, వేసుకున్నవాళ్లలో కాలేదు. వ్యాయామంలో పుట్టే ఆక్సిడెంట్లే (సి, ఇ లాంటి యాంటీ ఆక్సిడెంట్లు అణిచేసే పదార్థాలు) ఒంటికి గట్టిపడమని కబురు పంపుతాయి, ఆ కబురుని మాత్రలు మధ్యలోనే ఆపేస్తున్నాయి. జిమ్ మానకు, అవి మానెయ్. ఇంటికొచ్చి రెండు గుడ్లు, పప్పన్నం, ఒక జామకాయ తిను.