6 టీబీ డేటా పంపుతుంటే లైన్ తెగింది, మళ్లీ మొదటి నుంచేనా?

ఈసారికి మొదటి నుంచే. ఇకపై అక్కర్లేదు. మీరు విజయవాడ నుంచి హైదరాబాద్ బ్యాకప్ సర్వర్‌కి 100 ఎంబీపీఎస్ లైన్ మీద జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ సెండ్ కమాండ్‌ని ఎస్‌ఎస్‌హెచ్ (భద్రమైన రిమోట్ కనెక్షన్) గుండా పైప్ చేస్తున్నానన్నారు. లైన్ నిండుగా నడిచినా 6 టీబీకి ఐదున్నర రోజులు పడుతుంది. అన్నాళ్లు ఒక్కసారీ తెగని లైన్ నేనైతే చూడలేదు. తెగుతుందనే అనుకుని మొదలుపెట్టండి.

అవతల, అంటే హైదరాబాద్‌లో, డేటా అందుకునే రిసీవ్ కమాండ్‌కి మైనస్ ఎస్ ఆప్షన్ తగిలించాలి. అది లేకపోతే లైన్ తెగగానే అప్పటిదాకా వచ్చిందంతా పారేస్తుంది, ఐదు టీబీ వచ్చినా సరే. పెడితే వచ్చినంత డేటా అక్కడే ఉంటుంది, ఆ డేటాసెట్‌కి (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఒక విడి ఫైల్ సిస్టమ్) రిసీవ్ రెజ్యూమ్ టోకెన్ అనే ప్రాపర్టీ వస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ గెట్ కొడితే బారెడు అక్షరాలు కనిపిస్తాయి. అదంతా కాపీ చేసి ఇవతల సెండ్ మైనస్ టీ పక్కన పెడితే ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. అవతల మళ్లీ మైనస్ ఎస్ మరవద్దు. లైనక్స్‌లో ఈ సౌకర్యం 2017లో వచ్చిన 0.7 వెర్షన్ నుంచీ ఉంది.

నన్ను ఎక్కువ సతాయించింది మాత్రం వేరే. లైన్ వచ్చాక మళ్లీ పంపబోతే డేటాసెట్ బిజీ అంటూ తిప్పికొట్టేది. ఇవతల సెషన్ పోయిన సంగతి అవతలి సర్వర్‌కి తెలియదు, పాత రిసీవ్ ప్రాసెస్ ఇంకా రాని డేటా కోసం కాచుకునే ఉంటుంది. నడుస్తున్న ప్రాసెస్‌లు చూపే పీఎస్ కమాండ్‌లో వెతికి దాన్ని చంపాకే దారికొచ్చింది. అర్ధరాత్రి లేచి ఆ పని చేయలేం కదా, అందుకని అవతలి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ కాన్ఫిగ్‌లో క్లయింట్ అలైవ్ ఇంటర్వల్ 30, కౌంట్ మ్యాక్స్ 4 పెట్టాను. చచ్చిన సెషన్ రెండు నిమిషాల్లో దానంతటదే తెగిపోతుంది. ఇవతల ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ కాన్ఫిగ్‌లో సర్వర్ అలైవ్ కూడా అలాగే.

పంపే స్నాప్‌షాట్ (ఒక క్షణంలో డేటా ఎలా ఉందో దాని నకలు) మీద ముందే జెడ్‌ఎఫ్‌ఎస్ హోల్డ్ వేయండి, అప్పుడు దాన్ని ఎవరూ తుడిచేయలేరు. ఆటో స్నాప్‌షాట్ స్క్రిప్టు పాతవి తుడిచేటప్పుడు అదీ పోయిందంటే టోకెన్ ఉండీ లాభం లేదు. అవతల రిసీవ్ మైనస్ క్యాపిటల్ ఏ కొట్టి సగం డేటా వదిలించుకుని మళ్లీ మొదలెట్టాల్సిందే.

మీది కింది డేటాసెట్లన్నిటినీ ఒకే వరుసలో పంపే మైనస్ క్యాపిటల్ ఆర్ స్ట్రీమ్ అయితే ఇంకో తిరకాసు ఉంది. టోకెన్ పూర్తిచేసేది మధ్యలో ఆగిన ఒక్క స్నాప్‌షాట్‌నే, దాని తర్వాతి స్నాప్‌షాట్లు, డేటాసెట్లు రావు. నేను ఆ పద్ధతి మానేసి సింకాయిడ్ అనే జెడ్‌ఎఫ్‌ఎస్ కాపీ టూల్‌కి మారాను. అది ఒక్కో డేటాసెట్‌నీ విడిగా పంపుతుంది, టోకెన్ ఉంటే తనే అందుకుంటుంది. వేళకు దానంతటదే నడిపించే క్రాన్‌లో పెట్టేస్తే చాలు, తెగినప్పుడల్లా తర్వాతి రన్‌లో కొనసాగుతుంది.