సుకుమార్ రాయ్ అంటే సత్యజిత్ రాయ్ తండ్రి అనే తెలుసు. ఆయన సొంతంగా ఏం చేశారు?

బతికింది 35 ఏళ్లే (1887–1923). పిల్లల కవిగా బెంగాలీలకు ఆయన ఇంటి మనిషి. అచ్చు పనిలో ఎంత నిపుణుడో మాత్రం బయట చాలామందికి తెలియదు.

తండ్రి ఉపేంద్రకిశోర్ కలకత్తాలో హాఫ్‌టోన్ బ్లాకుల (ఫొటోలను, బొమ్మలను అచ్చువేసే దిమ్మెల) సంస్థ నడిపేవారు. అడ్డంగా, నిలువుగా సన్నటి గీతలున్న గాజు తెరలోంచి బొమ్మను ఫొటో తీస్తే అది చుక్కలుగా విడిపోతుంది. నలుపు ఎక్కువున్నచోట చుక్క పెద్దది, తక్కువున్నచోట చిన్నది. తెరకీ ఫొటో ప్లేటుకీ మధ్య దూరం తప్పితే చుక్కలు సరిగా ఏర్పడవు, వెలుగునీడలు పోతాయి. ఉపేంద్రకిశోర్ లెక్కలు కట్టింది ముఖ్యంగా ఈ దూరం గురించే. ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివిన సుకుమార్, 1911లో స్కాలర్‌షిప్‌పై ఇంగ్లండ్ వెళ్లి లండన్, మాంచెస్టర్‌లలో ఈ విద్యే నేర్చుకున్నారు.

1913లో తండ్రి ‘సందేశ్’ పిల్లల పత్రిక మొదలుపెట్టారు. 1915లో ఆయన పోయాక సంపాదకత్వం, ప్రెస్సు రెండూ కొడుకు మీద పడ్డాయి. రాత, బొమ్మలు కూడా తనవే. బాతునూ (హాంశ్) ముళ్లపందినీ (శజారు) అతికించి ‘హాంశ్‌జారు’ అనే జంతువును పుట్టించారు. మాటను విరిచి అతికించే ఈ పద్ధతి వల్లే ఆయన్ని అనువదించడం అంత కష్టం.

కాలా అజార్ అనే జ్వరంతో మంచాన పడి కూడా తన పిల్లల కవితల పుస్తకం ‘ఆబోల్ తాబోల్’ ముఖచిత్రం, బొమ్మలు పూర్తిచేశారు. 1923 సెప్టెంబర్ 10న కన్నుమూశారు. పుస్తకం 19న వచ్చింది. సత్యజిత్‌కు అప్పటికి రెండేళ్లు.