తల ముందుకు వంగిపోతే ప్లాంక్ ఎందుకు చెయ్యాలి?

"సమస్య మెడది అయితే, ఫిజియోథెరపిస్టు పొట్ట కండరాలకు ఎక్సర్‌సైజులు ఇచ్చారేంటి?" అన్నది మీ ప్రశ్న. సందేహం సబబే. కోర్ (పొట్ట, నడుము చుట్టూ ఉండే కండరాలు) ఒక్కటే బలపడినంత మాత్రాన తల దానంతటది వెనక్కి రాదు. కానీ నడుమును నిలబెట్టేది ఈ కండరాలే; అవి పట్టు వదిలి మనం కుర్చీలో జారగిలబడితే నడుము వంగుతుంది, దాంతో వీపు పైభాగం గూనిలా అవుతుంది, ఇక స్క్రీన్ చూడాలంటే గడ్డం ముందుకు చాచక తప్పదు. దాదాపు 5 కిలోల తలను మెడ వెనక కండరాలు రోజంతా మోస్తూ ఉండాల్సి వస్తుంది.

మొదలుపెట్టడానికి నా ఓటు డెడ్ బగ్ అనే ఎక్సర్‌సైజుకే. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి తుంటికి సరిగ్గా పైన ఉంచి, చేతులు పైకప్పు వైపు చాపండి. ఊపిరి వదులుతూ కుడి చేతిని తల వెనక్కి, ఎడమ కాలిని ముందుకు మెల్లగా దించండి. తర్వాత రెండో వైపు. నడుము కింద అరచెయ్యి దూరేంత సందు వచ్చిందంటే కాలు మరీ కిందికి దించేశారన్నమాట. గడ్డం పైకి లేవకూడదు. ఒక్కో వైపు 6 నుంచి 8 సార్లు చాలు.

అది అలవాటయ్యాక బర్డ్ డాగ్ (చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక చేతిని, దానికి రెండో వైపు కాలిని చాచడం), ప్లాంక్ (బోర్లా, మోచేతులు, కాలి వేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలపడం). ప్లాంక్‌లో చాలామంది ఫోన్‌లో టైమర్ చూస్తూ మెడ ఎత్తేస్తారు, అసలుకే ఎసరు! చూపు రెండు చేతుల మధ్య నేల మీదే ఉంచండి.

వీటికి తోడు చిన్ టక్ ఉండాల్సిందే. తల వంచకుండా గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగి 5 సెకన్లు ఆపాలి, 10 సార్లు. చేతుల్లోకి తిమ్మిరి పాకుతుంటే మాత్రం ముందు డాక్టర్‌కు చూపించుకోండి.