మిరప కూలీల మీద చిత్రం తీయాలంటే…

ప్రశ్న: అక్కా, మాది గడ్చిరోలి జిల్లా సిరోంచా తాలూకాలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఈ ఏడు డిగ్రీ అయిపోయింది. సంక్రాంతి దాటగానే మా ఊళ్లో చాలామంది మిరపకాయలు ఏరడానికి తెలంగాణ వైపు వెళ్తారు. వాళ్ల మీద డాక్యుమెంటరీ తీయాలని ఉంది. చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు. ముందు పుణె వెళ్లి చదువుకోవాలా? ఏ భాషలో తీయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, నేనూ గోదావరికి ఆ ఒడ్డునే పుట్టాను. వంతెన లేని రోజుల్లో పడవెక్కి కాళేశ్వరం వెళ్లినదాన్ని. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైంది. దర్శకత్వం కోర్సు మూడేళ్లు. డిగ్రీ ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. వీలైతే తప్పకుండా రాయి. అంత కాలం ఇల్లు వదల్లేకపోతే, 2017 నుంచి ఆ సంస్థే వేర్వేరు ఊళ్లలో కొద్ది రోజుల తరగతులు కూడా పెడుతోంది. నేను నేర్చుకున్నది అలాంటి చిన్న తరగతిలోనే. కానీ సీటు వచ్చేదాకా ఆగకు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, బడి ముఖం చూడనివాళ్లు సైతం, కెమెరా పట్టి తమ సేద్యం గురించి తామే చిత్రాలు తీశారు.

ఫోను చాలు. గొంతు దగ్గర పెట్టే చిన్న మైకు మాత్రం కొనుక్కో. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు. తీసేటప్పుడు ఫోనును విమానం గుర్తులో పెట్టు. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఒక్క నిమిషం ఆ చేను చప్పుడు విడిగా పట్టుకో. కూర్పులో అది ఎంత అక్కరకొస్తుందో అప్పుడు తెలుస్తుంది.

నా తొలి చిత్రమూ మిరప కూలీల మీదే. ఒకామె చేతులు మండి నిద్రపట్టక, రాత్రంతా తడి కుండకు అరచేతులు ఆనించుకుని కూర్చుంది. అది తీశాను. ఆమె చెప్పిన మాటలు తీసేసి నా వ్యాఖ్యానం పెట్టాను. ఊళ్లో దుప్పటి కట్టి చూపిస్తే ఆమె అడిగింది: “నా చేతులు కనపడ్డాయి బిడ్డా, నేను చెప్పిందేదీ?” తలెత్తలేకపోయాను. ఆమె చెప్పింది నొప్పి గురించి కాదు, కిలో లెక్కలో తూకం దగ్గర జరిగే కోత గురించి. మళ్లీ కూర్చాను. వ్యాఖ్యానం ఒక్క వాక్యం కూడా ఉంచలేదు.

భాష సంగతి అక్కడే తేలిపోయింది. వాళ్లు ఏ భాషలో మాట్లాడితే చిత్రం ఆ భాషలోనే ఉండాలి, తెలుగైనా, మాడియా గిరిజనుల భాష అయినా. మరాఠీ అక్షరాలు కింద వేసుకో. 1990లో మొదలై రెండేళ్లకోసారి జరిగే ముంబయి డాక్యుమెంటరీ చిత్రోత్సవానికీ, తిరువనంతపురంలో జరిగే అలాంటి ఉత్సవానికీ తర్వాత పంపవచ్చు. ముందు ఊరు చూడాలి. ఎవరైనా “నా ముఖం వద్దు” అంటే, చిత్రం పూర్తయ్యాక అన్నా సరే, తీసెయ్.

ఈసారి వాళ్లతోపాటే బండెక్కు. మొదటి వారం ఫోను జేబులోంచి తీయకు, నువ్వూ కాయలు ఏరు. ఎండాకాలంలో తిరిగొచ్చి మీ ఊళ్లో దుప్పటి కట్టే రోజు ముందుగా ఒక ఉత్తరం రాయి. నేనూ వచ్చి వెనక వరసలో కూర్చుంటాను.