మూతపడ్డ వాటర్ ప్లాంట్ మళ్లీ నడవాలంటే

తమ్ముడూ, దాత పెట్టించిన మంచినీళ్ల ప్లాంట్ ఏడాది తిరక్కుండానే మూతపడిందని, రిపేరుకు ఇంకే దాతను అడగాలని రాశావు. ఇప్పుడే ఎవరినీ అడక్కు. ముందు నీళ్లు తీసుకునే ఇళ్ల నుంచే కమిటీ వేయండి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బిందెలు మోసేది వాళ్లే కదా!

అసలు చిక్కంతా డబ్బు దగ్గరే. ఊరికే పోస్తే ఫిల్టర్లు ఎవరు మారుస్తారు? క్యాన్‌కు ఇంత అని గ్రామసభలోనే ఖాయం చేయండి. ఆపరేటర్ జీతం, కరెంట్ బిల్లు పోగా మిగిలింది మెంబ్రేన్ (నీళ్లను శుద్ధి చేసే పొర) మార్చడానికి బ్యాంకులో వేయండి. ఇద్దరి సంతకాలు లేనిదే పైసా తీయొద్దు. నెలనెలా లెక్క ప్లాంట్ గోడ మీదే రాయండి. ఊళ్లల్లో సగం లొల్లి లెక్క చెప్పకపోవడం వల్లే. చాలా రోజులు ఆగిన ప్లాంట్‌లో మెంబ్రేన్ పాడై ఉండొచ్చు, తెరిచే ముందు నీళ్ల పరీక్ష చేయించండి, ఫ్లోరైడ్ తప్పకుండా చూడమనండి.

వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లి ఒకసారి చూసి రండి. అక్కడ ఒక్కో పనికి ఒక్కో కమిటీ. వీలైతే ముల్కనూరు సహకార సొసైటీ కూడా: 1956లో రైతులు మొదలుపెట్టింది, ఇప్పటికీ సభ్యులదే. సర్పంచ్‌ను కూడా వెంట తీసుకెళ్లు, లేకుంటే తర్వాత ఆయనే అడ్డం తిరుగుతాడు.