శాసనం మీద సున్నం: యాసిడ్ మాత్రం వద్దు

తమ్ముడూ, గుంటూరు దగ్గర మీ ఊరి గుడి శాసనస్తంభానికి వేసిన సున్నాన్ని కుర్రాళ్లంతా కలిసి యాసిడ్‌తో, ఇనుప బ్రష్‌తో వదలగొడతామన్నావు. దయచేసి ఆగండి. అది పల్నాటి సున్నపురాయి అయితే యాసిడ్ తగలగానే బుసబుసా పొంగి, సున్నంతోపాటు అక్షరాలూ కరిగిపోతాయి. అమరావతి శిల్పాలదీ ఆ జాతి రాయే.

ముందు గుడి ఈవోకి అర్జీ పెట్టి, పురావస్తు శాఖకు నకలు పంపండి. కేంద్ర రక్షిత కట్టడమైతే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెయ్యి వేయకూడదు. ఈలోగా పొద్దువాలే వేళ ఏటవాలు వెలుగులో నాలుగు పక్కలా ఫొటోలు తీయండి, మిట్టమధ్యాహ్నం కనపడని గీతలు అప్పుడు తేలతాయి. పక్కన స్కేలు పెట్టండి. శాసనాలు చదివే కేంద్ర విభాగం మైసూరులో ఉంది, ఆ ఫొటోలు అక్కడికీ పంపండి. పండక్కి మళ్లీ సున్నం కొట్టకుండా పూజారిగారితో, రంగుల మేస్త్రీతో ఇప్పుడే మాట్లాడండి.